గాయం కొండ దిగే దారి

పాఠకులారా, భారతదేశ పటాన్ని ఒకసారి ముందు పరచుకోండి. రాయ్‌పూర్ మీద వేలు పెట్టి, 30వ నంబరు జాతీయ రహదారి వెంట దక్షిణానికి జరపండి. కేశ్‌కాల్ ఘాటీ ఎక్కితే బస్తర్ పీఠభూమి. సుమారు 300 కిలోమీటర్ల దగ్గర జగదల్‌పూర్, తరువాత సుక్మా, చివరకు శబరి ఒడ్డున కోంటా. అదే రోడ్డు అక్కడి నుంచి మన చింతూరు మీదుగా భద్రాచలం చేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద వైద్యసంస్థ ఎయిమ్స్ ఈ దారికి పై కొసన రాయ్‌పూర్‌లో ఉంది. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇంకా ఉత్తరాన, బిలాస్‌పూర్ దగ్గరి సేంద్రీలో ఉంది. గాయపడేవారు కింది కొసన, రోడ్డుకు దూరంగా కొండల్లో ఉన్నారు.

ఈ దూరాన్ని టెలిఫోను జయించిందని ఈమధ్య తరచు వింటున్నాం. ఆ మాటలో నిజమెంతో పరిశీలిద్దాం.

ముందు శరీరం సంగతి. పెద్ద ధమని తెగిన మనిషి కొద్ది నిమిషాల్లోనే రక్తస్రావంతో చనిపోవచ్చు. ఏ ఆంబులెన్సూ అంత త్వరగా కొండ ఎక్కలేదు. కాబట్టి గాయాన్ని గట్టిగా అదిమిపట్టే చెయ్యి ఊళ్లోనే ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌కు ఈ విషయంలో మంచి పునాది ఉంది. 2002లో అక్కడ మొదలైన మితానిన్ పథకంలో ప్రతి పల్లెలోనూ ఒక స్త్రీకి ఆరోగ్య శిక్షణ ఇచ్చారు. మితానిన్ అంటే నేస్తం అని అర్థం. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇది ఒక మాదిరి. అబూజ్‌మాడ్ కొండలున్న నారాయణపూర్ జిల్లాలో జీపు వెళ్లలేని దారుల్లో మోటారుసైకిల్ ఆంబులెన్సులు కూడా నడిచాయి. వీటిని మెచ్చుకోవలసిందే.

రక్తం ఆగాక మిగిలేది మనసు. పేలుడు, దాడి, రోడ్డు ప్రమాదం, ఎలుగుబంటి పంజా: కారణం ఏదైనా, ఆ తరువాతి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం సహజం. చాలామందిలో ఇవి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. కొందరిలో తగ్గవు. జరిగినది పదే పదే కళ్లముందు ఆడుతుంది, ఆ చోటికి వెళ్లాలంటే కాళ్లు రావు. ఆ కొందరిని గుర్తించాలంటే నెల తరువాత ఎవరో ఒకరు మళ్లీ వచ్చి చూడాలి. మొదటి రోజునే బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించడం మేలని ఒకప్పుడు నమ్మేవారు. అలాంటి ఒక్కరోజు చికిత్స తరువాతి వ్యాధిని ఆపదని పరిశోధనల్లో తేలింది. మొదటి నెలలో నిద్రమాత్రల కోవకు చెందిన బెంజోడయాజెపీన్లు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అంటే ఇక్కడ ఒక్కసారి కలవడం కన్నా మళ్లీ కలవడమే ముఖ్యమన్నమాట.

ఇప్పుడు మన పథకాలను ఈ గీటురాయి మీద గీసి చూద్దాం. 1980లలో బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ చేసిన ప్రయోగమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా మారింది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో 2019 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు నిమ్‌హాన్స్ నిపుణులు వీడియో ద్వారా శిక్షణ ఇచ్చారు. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ వచ్చింది. 14416కు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. 20 భాషల్లో సేవలందిస్తున్న ఈ ఏర్పాటుకు 2025 నాటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

ఇవి చిన్న విషయాలు కావు. అయితే లెక్క ఎలా వేస్తున్నామో గమనించండి. శిక్షణ పొందిన వైద్యులెందరు, వచ్చిన కాల్స్ ఎన్ని అన్నవి ముందు వరుసలో నిలుస్తాయి. రెండోసారి వచ్చిన రోగులెందరు అన్న ప్రశ్న వెనకబడుతుంది. కుంగుబాటు మందు పనిచేయడం మొదలు కావడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కోలుకున్న తరువాత కూడా కొన్ని నెలలు వాడాలి. వానాకాలంలో వాగు పొంగి మాత్రలు అందకపోతే, అంతకు ముందు జరిగిన శిక్షణంతా వాగు పాలే కదా!

రెండో లోపం భాషలో ఉంది. అనువాదకుడిగా ఇది నన్ను మరింత బాధిస్తుంది. కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతటా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికను ఒకసారి తెలుగు చేస్తూ ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఏకాగ్రత తగ్గిందా అని అడుగుతూ, వార్తాపత్రిక చదవడం, టెలివిజన్ చూడటం ఉదాహరణలుగా ఇచ్చారు. పత్రిక రాని, కరెంటు నిలవని కొండపల్లెలో ఈ ప్రశ్న ఏం కొలుస్తుంది? పదాలు మార్చినంత మాత్రాన ప్రశ్న మారదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు 29 లక్షల పైచిలుకు. అయినా ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. కోంటా వైపు కోయ, దోర్లీ మాటలు వినిపిస్తాయి. అక్కడివారు తమ దిగులును ఏ మాటల్లో చెప్పుకుంటారో ముందు వినాలి.

ఇది సాధ్యమేనని జింబాబ్వే చూపింది. అక్కడి షోనా భాషలో 'అతిగా ఆలోచించడం' అనే అర్థం వచ్చే మాట ఒకటుంది. ప్రజలు తమ బాధను ఆ మాటతోనే చెబుతారు. అలాంటి మాటల ఆధారంగా 1990లలో 14 ప్రశ్నల పట్టిక తయారైంది. తరువాత డాక్టర్ డిక్సన్ చిబాండా హరారేలో పెద్దవయసు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలోని బెంచీ మీద కూర్చుని బాధితులతో ఆరుసార్లు మాట్లాడేలా ఏర్పాటు చేశారు. 573 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తరువాత కుంగుబాటు లక్షణాలు మామూలు వైద్యం పొందినవారిలో సుమారు 50 శాతానికి ఉండగా, బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతానికే ఉన్నాయి. హరారే నగరం, బస్తర్ అడవి. తేడా ఉంది, నిజమే. కాని బెంచీ వేసే చోటు మితానిన్ ఇంటి అరుగు ఎందుకు కాకూడదు?

ఇది పొరుగు రాష్ట్రం గొడవ అనుకోకండి. 2005 తరువాత బస్తర్ హింసకు బెదిరి ఎన్నో కుటుంబాలు నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చాయి. గొత్తికోయలని మనం పిలిచేది వారినే. గాయం సరిహద్దు దాటింది. రోగి చీటీ మాత్రం దాటదు.

కాబట్టి ఇకపై ఏ పథకం ప్రకటించినా మూడు ప్రశ్నలు అడగండి. ప్రశ్న రోగి ఇంటి భాషలో అడిగారా? మొదట చూసిన మనిషే నెల తరువాత మళ్లీ చూశారా? ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మాత్రలు అందాయా? మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే రాయ్‌పూర్‌కూ కోంటాకూ మధ్య దూరం నిజంగా తగ్గినట్టు.