పత్తిచేని ఆకలిదప్పులు

పత్తిని మనము ఏటేట విత్తి ఏటేట పీకివేయుచున్నాము గాని, స్వభావముచేత అది ఏడాదిపంట కాదు. విడిచిపెట్టినచో సంవత్సరముల తరబడి బ్రదుకగల చిన్నపాటి చెట్టు. దీపపు వత్తుల కొఱకు పెరటి గోడప్రక్కన పెంచుకొను చెట్టుపత్తిని ఎఱిగినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. ఈ యేడు కాయకున్న మరుసటి యేడు కాయవచ్చునను ధీమాతో చెట్టు ముందుగా కొమ్మను, ఆకును సమకూర్చుకొనును. రైతునకు ఆఱేడు నెలలలో దూది యింటికి రావలెను. నీటిని గూర్చి, నత్రజనిని గూర్చి పత్తిరైతు పడు తర్జనభర్జన యంతయు, నా దృష్టిలో, ఈ యొక్క చిక్కునుండి పుట్టినదే. అడిగినంత పెట్టినచో మొక్క తాను చెట్టునన్న సంగతి జ్ఞాపకము చేసికొనును. బొత్తిగా పెట్టకున్న కాయుటకు ముందే నీరసించును.

ఏది కొఱవడినదో, ఏది మితిమీరినదో తెలిసికొనుటకు పరికరములు అక్కరలేదు. పూత పట్టిన చేనిలో ఉదయము తొమ్మిది గంటలవేళ ఒక సాలున నిలిచి చూచిన, ఆనాడు విచ్చిన పువ్వు మీగడరంగున నుండును. నిన్నటిది గులాబిరంగు తిరిగి ముడుచుకొని యుండును. కాండమునకు దగ్గఱగా, కాపుకొమ్మ మొదటి కణుపున పూచిన తెల్లపువ్వులలో అన్నిటికంటె పైనున్నదానిని పట్టుకొని, అచటినుండి కొనవఱకు కాండముపై ఎన్ని కణుపులున్నవో వ్రేలితో తడవి లెక్కింపవలెను. పూత తొలినాళ్ళలో ఎనిమిదో తొమ్మిదో ఉండుట క్షేమము. కాయభారము పెరిగినకొలది ఆ సంఖ్య తగ్గుచు వచ్చి, అయిదునకు దిగినపుడు మొక్క పెరుగుట మాని, ఉన్న కాయలను సాకుకొనుటకు సిద్ధపడినదని యర్థము. తొలివారముననే అయిదు కనబడినచో చేను దప్పిగొన్నదో, ఆకలిగొన్నదో అయి యుండును. నెల గడచినను లెక్క తగ్గకున్నచో దానికి మేత ఎక్కువైనది. కాండపు రంగును సైతము చూడవలసినదే. ముదిరిన భాగము ఎఱ్ఱబడును, క్రొత్తగా సాగిన భాగము పచ్చగా నుండును. ఎఱుపు కొనదాక ఎగబ్రాకిన చేను తడికై చూచుచున్నది. పైన జానెడుకు మించి లేతపచ్చగ, కణుపునకు కణుపు దూరమై సాగిన చేను మదించి యున్నది. ఈ రెండు గుఱుతులు చదువనేర్చినవానికి దుకాణదారుని సలహా అడుగవలసిన పని సగము తగ్గును.

నీరు, నత్రజని యను నీ రెంటిని వేఱు వేఱు వస్తువులుగ తలచుట మన లెక్కలలోని దోషము. మొక్కకు అవి వేఱు కావు. యూరియా నేలలో పడినంతమాత్రమున ఆహారము కాదు. దానికి తేమ తగిలి, అది సూక్ష్మజీవుల మూలమున కొలది దినములలో అమ్మోనియాగను, పిదప నైట్రేటుగను మారి, ఆ నైట్రేటు నీట కరగి, వేరు నీటిని పీల్చునపుడు దానివెంబడి లోనికి పోవలెను. కావున పదునులేని నేలలో నత్రజని యున్నను లేనట్లే. క్షారగుణము గల నల్లరేగడిపై పొడిగా చల్లినచో కొంతభాగము అమ్మోనియాయై గాలిలో కలియును. అందుకే మొక్కమొదటికి నాలుగంగుళముల యెడమున పాదు తీసి, వేసి, మన్ను కప్పుమని చెప్పుట. ఇక నీరు నిలిచిన చేనిలో జరుగునది మఱొక విధము. గాలియాడని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటునందలి ఆమ్లజనిని వాడుకొని నత్రజనిని వాయువుగ విడిచిపెట్టును. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగ బంధించుట 1909లో ఫ్రిట్జ్ హాబర్ చూపెను. 1913లో కార్ల్ బోష్ దానిని కర్మాగారమున సాధించెను. అంత వేడిమిచేతను, అంత ఒత్తిడిచేతను పట్టుబడిన వాయువు, మురుగుకాలువ తీయని చేనిలో నాలుగునాళ్ళ ముసురు పట్టినచో చాలు, ఎవరికిని చెప్పకుండ పుట్టింటికి చేరుకొనును.

మా పొలమునకు ఎగువన సేద్యము చేయు బంధువొకాయన కలడు. నిరుడు ఆయన పాదులు తీయించుచుండగా గట్టుమీద నిలిచి, "మళ్ళీ కట్ట తెచ్చినట్టున్నావే బాబాయ్, చేను నడుము దాటింది గదా" అని అంటిని.

"ఏం చెయ్యమంటావురా అబ్బాయ్! అవతలోడి చేను నల్లగా నిగనిగలాడుతుంటే, మనది పక్కన తెల్లబారి కనపడుద్ది. దారినపోయే ప్రతివాడూ అడుగుతాడు" అని ఆయన సమాధానము.

ఈ మాటలో వ్యవసాయశాస్త్రము లేకపోవచ్చును గాని లోకజ్ఞానము కలదు. ఆకుపచ్చ గట్టుమీదివానికి కనబడును, కాయ కనబడదు. ఊరు చేనిని చూచి మెచ్చుకొనుట గట్టుమీదనుండియే. పైగా 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలకు దొరకుచుండగా, పొటాషు ధర అంతకు ఎన్నోరెట్లుండగా, చేయి ఏ బస్తా వైపు పోవునో ఊహింపవచ్చును. తెలంగాణలో సంకరపత్తికి ఎకరమునకు 60 కిలోల నత్రజనిని 20, 40, 60, 80 దినముల వయస్సున నాలుగు దఫాలుగ వేయవలెనని సిఫారసు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు గనుక, అది ఇంచుమించు 130 కిలోలు, అనగా మూడు కట్టలకు కొంచెము తక్కువ. 2018లో కట్ట 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినను, "దఫాకు కట్ట" యను వాడుక మాత్రము తగ్గలేదు. నాలుగు దఫాలకు నాలుగు కట్టలని లెక్కించినచో పంట అడిగినదానికంటె మూడవవంతుకు పైగా హెచ్చు పడినట్లే. ఆ హెచ్చు ఆకులలోనికి పోయి వానిని లేతగ, రసవంతముగ చేయును. పచ్చదోమకును, పేనుబంకకును అంతకు మించిన విందు లేదు. గుబురైన చేనిలో క్రిందికొమ్మలకు వెలుతురు సోకక గూడ, అనగా లేతమొగ్గ, రాలును. అది రాలినచో కాయలకు పోవలసిన బలము మరల కొనకే పోయి చేను ఇంకను ఎదుగును.

గూడ రాలుట పత్తికి సహజమే. పెట్టిన గూడలో, పూతలో, పిందెలో సగమునకు పైగా రాలిపోవుట ఏ యేడైనను ఉన్నదే. 1963లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణమున ఫ్రెడరిక్ అడికాట్, ఆయన సహచరులు లేత పత్తికాయలనుండి ఒక పదార్థమును వేఱుచేసి, రాలించునది యదియేనని తలచి దానికి అబ్సిసిన్ అని పేరిడిరి. నేడు అబ్సిసిక్ ఆమ్లమని పిలువబడు ఆ పదార్థముయొక్క ప్రధానకార్యము నీటియెద్దడిలో ఆకుల రంధ్రములను మూయించి మొక్కను కాపాడుటయని తరువాత తేలినది. పత్తికాయ వలన ఈ సంగతి లోకమునకు తెలిసినదన్నచో మన రైతులు ఆశ్చర్యపడరేమో. బెట్టకు ఏమి రాలునో వారికి ముందే తెలియును.

బెట్టకంటె దారుణమైనది బెట్ట వెంబడి వచ్చు నీరు. మూడు వారములు వానలేక నెఱ్ఱెలు విచ్చిన రేగడిలో, కాయలతో నిండుగ నున్న చేనిపై ఒక్కపెట్టున కుండపోత కురిసి, మఱునాడు ఎండ చుఱ్ఱున కాసినదనుకొందము. నిన్నటిదాక నిలిచిన మొక్కలు, అందును బలిసినవే, మధ్యాహ్నమునకు ఆకులు వ్రేలవేసి వాడిపోవును. పీకి చూచిన వేరు కుళ్ళినజాడ లేదు, తెగులు మచ్చ లేదు. పాదములు బురదలో దిగబడుచుండగా మొక్క దప్పితో చచ్చుచున్నది. మట్టిసందులలోని గాలినంతయు నీరు తఱిమివేయుటచే వేరు ఊపిరాడక నీటిని పీల్చలేకున్నది. పైన విశాలమైన ఆకులు మాత్రము ఎండకు ఆవిరి వదలుచునే యున్నవి. దీనిని శాస్త్రజ్ఞులు పారావిల్టు అందురు. వాడుట కంటబడిన కొలది గంటలలో కోబాల్టు క్లోరైడును 100 లీటర్ల నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి పిచికారి చేసిన కొన్ని తేఱుకొనును. కాలువ తీసి నీటిని వెడలగొట్టుట అంతకంటె ముందటి పని. యూరియా పుష్కలముగ తిని పెద్ద ఆకులు పెట్టుకొన్న చేనులే ఇందు ముందుగ పడిపోవుట గమనింపదగినది.

ఇంతకును మనము అమ్ముకొను దూదిలో నత్రజని దాదాపు లేనేలేదు. గింజ పైపొరలోని ఒక్క కణము సాగి పోగగును; పువ్వు విచ్చిన తరువాత సుమారు ఇరువది అయిదు దినములు అది లోపలి నీటి ఒత్తిడిచే నిడివి సాగును, ఆ మీదట సెల్యులోజు పొరలు పొరలుగ పేరుకొని గట్టిపడును. సాగుకాలమున తడి తప్పినచో పింజ పొట్టిదగును, పిమ్మట ఎంత పెట్టినను పెరుగదు. నత్రజని చేరునది గింజలోనికి. మనము దూదికని వేసిన యూరియా తుదకు పత్తిచెక్కయై పాడిగేదెల గంపలోనికి పోవుచున్నది. ఇందు నష్టమేమియు లేదు గాని, దూది తూకమును యూరియా కట్టలతో కొలుచు వారు దీనిని ఒకమాఱు తలపోయవలెను.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిరి; 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అను తొలి సంకరపత్తిని వెలువరించెను. అంతకు ముందు వానపై బ్రదికిన దేశవాళీ పత్తులు లోతుగ వేరు దించుకొని, గొఱ్ఱెల మంద కట్టిన సారముతోనే కాలము గడపెడివి. కాపు తక్కువ, అప్పును తక్కువ. సంకరములు వచ్చి రెండును పెరిగినవి. డ్రిప్పు పెట్టుకొన్నవారు నేడు నీటితోడనే ఎరువును కొంచెము కొంచెముగ వేరునొద్దకు పంపుచున్నారు. దప్పిని, ఆకలిని ఒక్కసారిగ తీర్చు ఈ పద్ధతి నాకు నచ్చినది, పెట్టుబడి మాత్రము అందఱకు అందునది కాదు.

చివరి తడి సంగతి మాత్రము ఇంకను తేలలేదు. కాయలు పగులుట మొదలైన తరువాత నీటిని, యూరియాను ఆపుమనియు, డిసెంబరుతో చేనిని ముగింపుమనియు ఏటేట చెప్పుచునే యున్నారు. బోరు క్రింద చేను గలవాడు ఇంకొక ఏఱుడుకు ఆశపడి తడి పెట్టును, కట్ట వేయును. మొక్క మరల చిగిర్చి పూయును. గులాబిరంగు పురుగు ఆ కడపటి కాయలలోనే కాపురము పెట్టి, వచ్చు ఏటికి సంతానమును దాచును. చెలకలో వానపై విత్తినవానికి ఈ సందేహము లేదు. నవంబరు దాటునప్పటికి అతని చేను తనంతట తానే ఆగిపోవును, కట్టెను పీకి అతడు వేఱుపనికి పోవును.