మోచేతి దగ్గర ఆగిన చెయ్యి

పప్పన్నం ముద్ద పళ్లెంలోంచి నోటిదాకా రావడానికి ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడికి రెండు నిమిషాలు దాటింది. దారిలో సగం మెతుకులు చొక్కా మీద రాలాయి. అంతసేపూ నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అదే.

గంపలగూడెం మండలంలో బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెబుతాను. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రానికి రాగలిగినవాళ్లు అక్కడికే వస్తారు. రాలేనివాళ్ల గడప మేమే ఎక్కుతాం. ఊళ్లో మమ్మల్ని ‘భవిత టీచరమ్మ’ అంటారు. చదువంటే మా దగ్గర అఆలు ఆఖర్న వస్తాయి. మెడ నిలబెట్టడం, కూర్చోవడం, దొడ్డికి వస్తుందని చెప్పగలగడం, తన అన్నం తాను తినడం, ఇవి ముందు.

శిక్షణలో వైకల్యాల పట్టిక బట్టీ పట్టాను. 1995 చట్టంలో 7 రకాలే ఉండేవి, 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆ పిల్లవాడికి ఉన్న సెరిబ్రల్ పాల్సీకి ఆ కొత్త పట్టికలోనే విడిగా పేరు దక్కింది. పరీక్ష బాగా రాశాను. మొదటి ఇంట్లో అడుగుపెట్టాక మాత్రం నా చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అది నాకు నేర్పింది కేంద్రంలోని ఒక ఆయా. చొక్కా గుండీలు పెడుతూ పెడుతూ చివరి గుండీ దగ్గర ఆగిపోయేది. ‘‘ఇదొక్కటీ నువ్వు పెట్టుకో నాన్నా’’ అనేది. కొన్నాళ్లకు చివరి రెండు, తర్వాత మూడు. పుస్తకంలో దీన్నే బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. మొదటి మెట్టు దగ్గర ఓడిపోయే పిల్లవాడికి చివరి మెట్టు ముందు ఇస్తే, పని పూర్తిచేశానన్న సంతోషం రోజూ వాడిదే అవుతుంది. ఆమె ఆ పేరు ఎన్నడూ వినలేదు. జీతాల పట్టికలో ఆయా అడుగున ఉంటుంది, నా లెక్కలో మాత్రం ఆమె నాకు గురువు.

అన్నం తినడం కూడా అంతే. ముందు కూర్చోబెట్టాలి. రెండు గోడలు కలిసే మూలలో దిండు ఆనించి, పాదాలు పీట మీద పూర్తిగా ఆనిస్తే ఒళ్లు బిగుసుకోవడం కాస్త తగ్గుతుంది. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ. మొదట్లో ఆ తొమ్మిదేళ్లవాడి చేతి మీద నా చెయ్యి వేసి ముద్దను పెదవి దాకా తెచ్చి వదిలేదాన్ని. ఆ బెత్తెడు దూరం వాడిది. తర్వాత నా చెయ్యి మణికట్టుకు జరిగింది, ఆ తర్వాత మోచేతికి. మోచేతి దగ్గర నెలన్నర ఆగాను. తీసేస్తే ముద్ద చెవి వైపు పోయేది.

నాయనమ్మకు నా మీద కోపం వచ్చింది. ‘‘పసోణ్ణి ఇట్టా ఏడిపించకపోతే నాలుగు ముద్దలు నువ్వే పెట్టకూడదా తల్లీ? మీ పిల్లలకైతే ఇట్టాగే చేస్తావా?’’ ఆ మాట తప్పని ఎలా అనను? మన ఇళ్లలో ప్రేమ గోరుముద్దల్లోనే ఉంటుంది. పైగా మిరప కోతల రోజుల్లో వాళ్లమ్మ తెల్లారేసరికి కూలికి బయల్దేరాలి. తను తినిపిస్తే పది నిమిషాలు. వాడు తింటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంట ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకని పొద్దున తిండి జోలికి పోలేదు. సాయంత్రం తిండిలో మొదటి ఐదు ముద్దలే వాడివి, మిగతావి నాయనమ్మవి అని ఒప్పందం చేసుకున్నాం.

వాళ్లమ్మ భయం వేరు. ఒకరోజు నన్ను గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అడిగింది. ‘‘వీడు తినడం నేర్చుకుంటే సదరంలో పర్సెంటేజీ తగ్గిస్తారా మేడమ్?’’ సదరం అనే వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే పింఛను. 2024 జూలైలో అది 3,000 నుంచి 6,000 రూపాయలైంది. కూలి దొరకని నెలల్లో ఆ ఇల్లు నడిచేది దానితోనే. వాడి కండరాల బిగుతు జీవితాంతం ఉంటుందని, ముద్ద తినడం నేర్చినంత మాత్రాన అది పోదని చెప్పాను. అలాంటి ప్రశ్న ఒక తల్లి అడగాల్సి రావడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఇంటికే వెళ్లి నేర్పడం మాతోనే మొదలు కాలేదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న ఊరుంది. 1969లో అక్కడివాళ్లకూ మాలాంటి చిక్కే వచ్చింది. ఊళ్లు దూరం దూరం, పసిపిల్లలను ఒకచోటికి చేర్చలేరు. టీచరే వారానికోసారి ఇంటికి వెళ్లి, పిల్లలకు ఏం నేర్పాలో తల్లిదండ్రులకు చేసి చూపించి, వారం పనిని రాసి ఇచ్చి వచ్చే పద్ధతి పెట్టారు. అది తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. చదివినప్పుడు మామూలుగా తోచింది. వినగడప ఊరి దగ్గర కట్టలేరు వాగు పొంగి దారి ఆగిపోయినప్పుడు దాని విలువ తెలిసింది. వారంలో నేనుండేది గంట. మిగతా వారమంతా వాడికి టీచర్లు ఆ ఇంట్లోవాళ్లే.

మొన్నటి వానలకు మూడు వారాలు వెళ్లలేకపోయాను. నేర్పిందంతా పోయి ఉంటుందనుకుంటూ మంగళవారం గడప ఎక్కాను. పిల్లవాడు మూలలో కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా పప్పు. పక్కనే నాయనమ్మ. ఆమె చెయ్యి వాడి మోచేతికి అంగుళం దూరంలో గాలిలో ఆగి ఉంది. నన్ను చూసి తల కూడా తిప్పలేదు. ‘‘ఉండు తల్లీ, ఏడోది,’’ అంది.

వచ్చే వారం పెరుగన్నం మొదలెట్టాలి. పప్పన్నమైతే ముద్దకు నిలుస్తుంది. పెరుగన్నం వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.