చిన్న పత్రికకు కొలత యేది?

పత్రికల చరిత్ర వ్రాయువారు సామాన్యముగ రెండు కొలతలను చేతఁబట్టుకొందురు: ఎన్ని యేండ్లు నడచినది, ఎన్ని ప్రతులు చెల్లినవి. పెద్ద పత్రికలకు ఇవి చాలునేమో కాని, చిన్న పత్రికలను వీనితోఁ గొలుచుట ముత్యములను కుంచముతోఁ గొలుచుట వంటిది. నైజాము రాష్ట్రమున వెలసిన చిన్న తెలుఁగు పత్రికల యెడ ఈ పొరపాటు తఱచుగ జరుగుచున్నది.

ఆ కాలమును జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. కచ్చేరీలలో ఉర్దూ, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే బోధనభాష. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగున మాటాడఁబోఁగా సభికులు గేలిచేసిరి. సంస్కారము కోరి కూడినవారే సాటివాని తల్లిభాషను సహింపలేకపోయిరి! ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది.

మఱునాఁటి సంవత్సరమున, అనఁగా 1922లో, రెండు పత్రికలు వెలువడెను. ఓరుగల్లు ప్రాంతమున ఇనుగుర్తి యను పల్లెలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు 'తెనుఁగు' పత్రికను, నల్లగొండలో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు 'నీలగిరి' పత్రికను నడపిరి. రెండును కొలఁది యేండ్లకే నిలిచిపోయెను. ఇంతమాత్రమున వీనిని 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలువడిన 'గోలకొండ పత్రిక'కు ఉపోద్ఘాతములుగ మాత్రమే యెంచుట న్యాయమా? తన యూరి కష్టమును తన భాషలో అచ్చున చూచుకొన్న చదువరి, ఆ పత్రిక ఆగిన దినమున మరల మూఁగవాఁడు కాఁడు. అచ్చుయంత్రము ఆగవచ్చును, అలవడిన ధైర్యము ఆగదు.

ఇఁక ప్రతుల లెక్క. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను ఏర్పడినవి. ఇట్టి చోట్ల ఒక్క ప్రతి పలువురి చేతులు మాఱును. ఊరి యరుగుమీఁద ఒకఁడు చదువఁగా పదుగురు విందురు. చందాదారుల పట్టికలో ఈ వినువారి పేళ్లు కానరావు.

గోలకొండ పత్రిక చేసిన పనులలో 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' ముఖ్యమైనది. నైజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరన్న యాక్షేపణకు ప్రత్యుత్తరముగ అందు 354 మంది కవుల విషయములు సమకూర్పఁబడెను. సంఖ్య కవితాగుణమునకుఁ బ్రమాణము కాదనువారు కలరు. నిజమే, 354 మందియు మహాకవులని యెవ్వరు నొప్పుకొనరు. కాని నాఁటి ప్రశ్న గుణమునుగూర్చినది కాదు, ఉనికినిగూర్చినది. లేరన్నవానికి ఉన్నవారిని చూపుటయే తగిన యుత్తరము.

దోషమును దాఁచుట విమర్శకు ధర్మము కాదు. ఈ పత్రికలు నడచిన దినములలో అక్షరము కొలఁదిమంది సొత్తు. వెట్టిచాకిరి చేయువానినిగూర్చి వ్రాయువారుండిరి గాని, వాఁడు తానై వ్రాయుటకు చదువు లేదు. ఇంటియాఁడువారి గతియు చాలవఱకు అంతియే. ప్రజల పలుకనఁబడినది చదివిన ప్రజల పలుకు మాత్రమే. ఈ కొఱఁతను మఱచి పొగడినయెడల చరిత్ర స్తోత్రపాఠమగును.

కావున చిన్న పత్రికకు కొలత నా దృష్టిలో నొక్కటియే: అది రాకపూర్వము నోరు విప్పలేని యెందఱు అది వచ్చిన పిమ్మట విప్పఁగలిగిరి? ఈ ప్రశ్నకు బదులు సంచికలలోనే వెదకవలెను; ముఖ్యముగ లేఖలలో, ఊరివార్తలలో. చదువరులారా, మీ యింటి యటుకమీఁద తాత ముత్తాతలు కట్టి యుంచిన పాతకాగితముల మూట యున్నచో తూకమునకు వేయుటకు ముందు ఒకసారి విప్పి చూడుఁడు. చిన్న పత్రిక తన చరిత్రను తాను వ్రాసికొనలేదు. దానిని దాఁచినవారే వ్రాయవలెను.