ఆ డైరీలలో కలం ఎవరిది?

అమెరికాలో స్కొలాస్టిక్ ప్రచురణ సంస్థ 1996లో ‘డియర్ అమెరికా’ అనే పుస్తకమాలను ప్రారంభించింది. ఆడపిల్లలున్న మన ఇళ్ళలోకి ఈ మాలలోని పుస్తకం ఏదో ఒకటి, బడి లైబ్రరీ నుంచో ఊరి లైబ్రరీ నుంచో, వచ్చే ఉంటుంది. ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్క బాలిక డైరీ. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన పిల్ల ఒకతె. 1777 చలికాలంలో వ్యాలీ ఫోర్జ్ దగ్గర వాషింగ్టన్ సైనికుల అవస్థలు చూసిన పిల్ల ఒకతె. 1847లో లోవెల్ బట్టల మిల్లులో పనికి చేరిన ఐరిష్ పిల్ల మరొకతె. 1903లో న్యూయార్క్ ఇరుకు వాటాలలో కాపురానికి దిగిన యూదు కుటుంబపు పిల్ల ఇంకొకతె. ఈ బాలికలందరూ కల్పితాలే. వారి వెనుక ఉన్న కాలం మాత్రం నిజం.

మనలో చాలామందికి అమెరికా చరిత్ర ఇక్కడికి వచ్చిన తరువాత అంతో ఇంతో తెలిసినదే. మన పిల్లలకు అది మొదటిసారిగా తమ యీడు పిల్ల గొంతులో, ఇటువంటి పుస్తకాల ద్వారా చెవిని పడుతుంది. ఆ గొంతును పిల్లలు అనుమానించరు. అందుచేత ఈ పుస్తకాలను తల్లిదండ్రులు కూడా చదవాలని, కథ బాగుందా అన్న ప్రశ్నతో ఆగక, కలం ఎవరి చేతిలో ఉందని కూడా అడగాలని మా అభిప్రాయం.

డైరీకి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. రేపు ఏం జరుగుతుందో రాసేవారికి తెలియదు. 1864లో షెర్మన్ సైన్యం అట్లాంటా నగరంపై ఫిరంగులు పేలుస్తున్నప్పుడు కారీ బెర్రీ అనే పిల్ల నిజంగానే డైరీ రాసింది. అది నేటికీ నిలిచి ఉంది. ఆ ఆగస్టులో ఆమెకు పదేళ్ళు నిండాయి. కేకు చేసుకునే రోజులు కావు గనుక పుట్టినరోజు బట్టలు ఇస్త్రీ చేస్తూ గడిపింది. ఇంటిపని, గుండ్ల మోత, భయం అన్నీ నాలుగు ముక్కలలో రాసి ఊరుకుంటుంది. యుద్ధానికి కారణాలు వివరించదు. వివరించవలసిన అవసరం ఆమెకు లేదు. కల్పిత డైరీ రాసే రచయితకు ఆ వెసులుబాటు లేదు. కథ నడపాలి, చరిత్ర కూడా చెప్పాలి. అందువల్ల పన్నెండేళ్ళ పిల్ల ఉన్నట్టుండి పాఠ్యపుస్తకంలాగా మాట్లాడడం మొదలుపెడుతుంది. అక్కడ డైరీ ప్రాణం పోతుంది.

ఈ చిక్కును చక్కగా దాటిన పుస్తకం పట్రీషియా మెకిసాక్ రాసి 1997లో వెలువడిన క్లోటీ డైరీ. క్లోటీ 1859లో వర్జీనియాలో బెల్మాంట్ అనే తోటలో బానిస. దొరగారి కొడుకు పాఠం చదువుకుంటుంటే పక్కన నిలబడి విసనకర్రతో విసరడం ఆమె పని. విసురుతూనే అక్షరాలు పట్టేస్తుంది. నల్లవారికి చదువు చెప్పేందుకు జనం గుమిగూడడాన్ని వర్జీనియా 1831లోనే చట్టం చేసి నిషేధించింది. కనుక ఆ పిల్లకు డైరీ రాయడమే నేరం, దాన్ని దాచడమే కథ. ఇక్కడ డైరీ అలంకారం కాదు, అవసరం. ఒక మాట రాస్తే మనసులో దానికి ఒక బొమ్మ కట్టాలని క్లోటీ పట్టుదల. ‘స్వేచ్ఛ’ అనే మాట రాయగలదు గాని దానికి బొమ్మ కట్టదు. డాఫడిల్ పువ్వును ఎన్నడూ చూడకుండానే పరీక్షల కోసం వల్లించిన మన తరానికి ఈ బాధ కొంతైనా అర్థమవుతుంది. అయితే మనకు తెలియనిది ఒక పువ్వు, ఆ పిల్లకు తెలియనిది తన బ్రతుకు. చివరికి పారిపోయే వీలు చిక్కినా, ఇతరులను దాటించడానికి ఆమె అక్కడే ఉండిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది 1999లో వచ్చిన ఆన్ రినాల్డీ పుస్తకం. 1880లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ పాఠశాలకు వచ్చిన నానీ లిటిల్ రోజ్ అనే సూ తెగ బాలిక డైరీ అది. ఇంగ్లీషు అలవాటు కావడానికి రాయమని టీచరే డైరీ ఇస్తుంది. చదివినకొద్దీ ఆ పిల్లకు బడి మీద మమకారం పెరుగుతుంది. అసలు కార్లైల్ సంగతి వేరు. రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి 1879లో స్థాపించిన ఆ బడి 1918 దాకా నడిచింది. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. క్షయ వంటి జబ్బులతో ఎందరో పోయారు. అక్కడి శ్మశానంలో 180కి పైగా పిల్లలను పాతిపెట్టారు.

రచయిత్రి తన పాత్రలకు ఆ సమాధి రాళ్ళ మీది పేర్లు తీసుకున్నారు. వారిలో లూసీ ప్రెటీ ఈగిల్ ఒకతె. కథలో ఆ పిల్ల స్పృహ తప్పి ఉండగా చనిపోయిందనుకొని బ్రతికుండగానే పాతిపెడతారు. నిజమైన లూసీ 1884లో ఆ బడిలో చనిపోయింది. ఆమె అస్థికలను రోజ్‌బడ్ లకోటా ప్రజలు 2021లో ఇంటికి తీసుకువెళ్ళారు. ఎదురుచూసే బంధుజనం ఉన్న పిల్ల పేరును కథలో ఒక గగుర్పాటు కోసం వాడడం మాకు మింగుడుపడలేదు. పుస్తకం వచ్చిన ఏడాదే డెబ్బీ రీస్ మొదలైన ఆదివాసీ విమర్శకులు దీనిని గట్టిగా ఖండించారు.

మా వైద్యవృత్తిలో కేసు షీటు రాసేటప్పుడు రోగి బాధను రోగి మాటలలోనే రాయమని మొదట నేర్పుతారు. డాక్టరు అభిప్రాయం దాని కింద, వేరుగా, సంతకంతో ఉండాలి. రెండూ కలిసిపోతే తరువాత చూసే డాక్టరు మోసపోతాడు. ఈ పుస్తకాల తొలి ముద్రణలలో అట్ట మీద రచయిత పేరు లేదు. గుర్తుకు రిబ్బను, చేతితో కోసినట్టున్న కాగితపు అంచులు, చివర ఆ బాలిక పెద్దయి ఏమైందో చెప్పే అధ్యాయం, ఆపైన చారిత్రక వివరణ, పాత ఫొటోలు. రచయిత పరిచయం ఎక్కడో ఆఖరున. తొమ్మిదేళ్ళ పిల్ల దీన్ని నిజమైన డైరీ అనుకుంటే తప్పు ఆమెది కాదు. క్లోటీ విషయంలో దీనివల్ల పెద్ద హాని లేదు. నానీ విషయంలో, బడి అన్యాయానికి ఆ బడిపిల్ల చేతే మెచ్చుకోలు రాయించినట్టయింది.

ఇంకొక సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో జపనీయులను నిర్బంధ శిబిరాలకు తరలించిన కథను ఈ మాలలో 2010లో కర్బీ లార్సన్ రాశారు. మంచి మనసుతో రాసిన పుస్తకమే. కాని డైరీ రాసేది శిబిరంలో చిక్కిన జపనీయుల పిల్ల కాదు, వారి చర్చి పాస్టరుగారి తెల్లజాతి కూతురు. ముళ్ళకంచె లోపలి బాధ బయటి పిల్ల కంటితో మనకు అందుతుంది.

ఈ పుస్తకాలను ఇళ్ళలోకి రానివ్వవద్దని మేము చెప్పడం లేదు. చరిత్రను రాజులకు, సేనాపతులకు వదిలిపెట్టక, నీళ్ళు మోసే పిల్ల దృష్టిలో చూపడం మంచి పనే. క్లోటీ పుస్తకం ముందుగా ఇవ్వండి. నానీ పుస్తకం వస్తే పిల్లలతో కలిసి చదవండి. కొంచెం పెద్ద పిల్లలైతే దాని పక్కన జిట్కాలా షా వ్యాసాలు పెట్టండి. ఆమె యాంక్టన్ డకోటా స్త్రీ. ఎనిమిదేళ్ళకు ఇండియానాలోని ఇటువంటి బడికే వెళ్ళి, తరువాత కార్లైల్‌లోనే పాఠాలు చెప్పి, 1900లో అట్లాంటిక్ మాసపత్రికలో తన అనుభవాలు రాశారు. జుట్టు కత్తిరిస్తారని తెలిసి మంచం కింద దాక్కుంటే, బయటికి లాగి కుర్చీకి కట్టి కత్తిరించిన వైనం అందులో ఉంది. ఆ రెండూ చదివాక ఎవరి మాట నమ్మాలో పిల్లలను అడగండి, ఎందుకో కూడా చెప్పమనండి.