నొప్పిని ప్రతీక అనేముందు

కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012) గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఉద్యమాన్నీ, భర్త ఎడబాటునీ, బిడ్డల మరణాల్నీ పట్టుకుంటాం. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ వెంటే వైధవ్యం 'నేపథ్యం'గా మిగిలిపోతాయి. నా పేచీ అక్కడే. స్త్రీల ఆత్మకథల్లో బాల్యం ముగిసిన అధ్యాయం కాదు, దేహంలో కొనసాగుతుంది.

1998లో ఫెలిట్టి, అండా బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనం చిన్ననాటి హింస, కుటుంబ కల్లోలం ఎంత ఎక్కువైతే పెద్దయ్యాక జబ్బులు అంత ఎక్కువని చూపింది. దీర్ఘకాలిక నొప్పులకూ బాల్యానికీ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. (ఫలానా ఆమె నడుంనొప్పికి ఇదే కారణమని మాత్రం అవి తేల్చవు.)

పెదకాకానిలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళని "ఈ నొప్పులు ఎప్పట్నుంచి?" అని అడిగాను. ఒకామె నొప్పి మొదలైన ఏడు చెప్పలేదు, బడి మాన్పించిన ఏడు చెప్పింది. డాక్టరు దాన్ని 'వయసు' అంటాడు. ఆమే కథలోకి వస్తే విమర్శకులం 'అణచివేతకు ప్రతీక' అని రాసి ముందుకు పోతాం. రోజంతా వంగి చేసే పనే కారణం కదా అనొచ్చు. కాదనను. కానీ ఆ పనిలోకి ఎన్నో ఏట, ఎవరి అప్పు తీర్చడానికి వచ్చిందో కూడా అడగాలి కదా.