ముందు సాన, తర్వాత గడ్డం

మడత కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్చుకోవాలని సరదాపడేవాళ్ల సందేహాలన్నీ చేతివాటం చుట్టూనే తిరుగుతాయి. కత్తిని ఎంత వాలుగా పట్టాలి, చర్మాన్ని ఎటు లాగి పట్టుకోవాలి, గడ్డం మలుపు దగ్గర ఏం చేయాలి? వీటికి జవాబులు పొట్టివే. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి, రెండో చేత్తో చర్మాన్ని బిగువుగా లాగాలి, మొదటిసారి వెంట్రుకల వాలు వెంటే గీయాలి. ఇదంతా తెలిసినవాడూ గాట్లు పెట్టుకుంటాడు. తప్పు చాలాసార్లు వాదరలో ఉంటుంది మరి. పదునున్న కత్తి దాదాపు తన బరువుతోనే వెంట్రుకను తెంపుకుపోతుంది. మొద్దు కత్తి కింద వెంట్రుక తెగక వంగుతుంది, పీకినట్టవుతుంది. అప్పుడు చేయి తనకు తెలియకుండానే నొక్కుతుంది, ఆ నొక్కుడు చర్మంలో దిగుతుంది. అందుకే కొత్తవాడు గడ్డం జోలికి పోకముందే కత్తికి పదును నిలపడం నేర్చుకోవాలంటాను.

ఇది చాదస్తమనిపిస్తే చరిత్ర వంక చూడండి. పారిస్‌లో కత్తులు చేసే జాన్-జాక్ పెరే 18వ శతాబ్దంలోనే వాదర కొంచెమే బయటికి కనిపించేలా కర్ర తొడుగు వేసిన కత్తి తయారుచేశాడు. ఎవరి గడ్డం వారు గీసుకోవడం ఎలాగో చెబుతూ పుస్తకమే రాశాడు. 1880లో అమెరికాలో కాంప్ఫే సోదరులు వాదరకు అడ్డుకట్ట ఉన్న రేజర్‌కు పేటెంట్ తీసుకున్నారు. గాటు భయమే అసలు అడ్డంకి అయితే మడత కత్తి అప్పుడే అటకెక్కాలి. ఎక్కలేదు, ఎందుకంటే ఆ రేజర్ల అలుగునూ రాయి మీద నూరాల్సిందే, తోలుపట్టీ మీద సాపు చేయాల్సిందే. కింగ్ క్యాంప్ జిలెట్ ఆ పనినే ఎత్తేశాడు. వాడి పారేసే పలచటి బ్లేడుకు 1904లో పేటెంట్ వచ్చింది. నూరక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు అన్నదే ఆయన ప్రకటనల్లో పెద్ద మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో అది అమెరికా సైనికుల సంచుల్లోకి చేరాక ఇక తిరుగులేకపోయింది. జనం డబ్బు పెట్టి వదిలించుకున్నది నూరే చాకిరీని. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో, పేద కుర్రాడికి సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్పితే వెయ్యి గినీలు ఇచ్చినదానికన్నా మేలంటాడు. ఆ వెంటనే కత్తిని బాగుచేసి ఉంచుకోవడాన్నీ జతచేస్తాడు. ఆ రెండో సగం మనకు అంతగా పట్టదు.

ఆ రెండో సగంలో పనితనం చాలా ఉంది. కత్తిని రాయి మీద బల్లపరుపుగా పడుకోబెడితే వెన్నూ వాదరా రెండూ ఆనుతాయి. నూరే కోణాన్ని చేయి ఊహించనక్కర్లేదు, వెన్ను మందమే దాన్ని నిర్ణయిస్తుంది. ఈ ఒక్క విషయంలో కూరగాయల కత్తి నూరడం కన్నా ఇది సులువు. రాయి మీద వాదర ముందు నడుస్తుంది. తోలు మీద వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. పట్టీ కొసకు చేరాక కత్తిని వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. తొందరపడి వాదర మీద తిప్పారా, తోలు తెగుతుంది, పదునూ పోతుంది. పట్టీని వదులుగా పట్టుకుంటే తోలు కుంగి వాదరను గుండ్రం చేసేస్తుంది. రాయి అవసరం అప్పుడప్పుడే, తోలు మాత్రం గీసుకున్న ప్రతిసారీ కావాలి. ఇంత శ్రద్ధ దేనికంటే, 2020లో ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో చూపించినట్టు, ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా వాదరను పెచ్చులూడగొడుతుంది. వెంట్రుక వంగి పక్కవాటుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అల్లిక ఒకేలా లేని చోట ఆ పెచ్చు లేస్తుంది. వాళ్లు పరీక్షించింది పారేసే బ్లేడ్లనే అయినా, మడత కత్తి వాదరా ఉక్కుదే. నానిన వెంట్రుక మెత్తబడుతుంది కనుక వేడినీళ్లు చర్మానికే కాక వాదరకూ మేలు చేస్తాయి.

మన సెలూన్లలో ఎవరూ నూరడం లేదు కదా, సగానికి విరిచిన బ్లేడు పెట్టే కత్తితోనే నేర్చుకోవచ్చు కదా అనవచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ భయాల కాలంలో ఒకరికి వాడిన వాదర ఇంకొకరికి తగలకూడదని ఆ పద్ధతి స్థిరపడడం న్యాయమే. సొంత కత్తిని ఇంట్లో వేరెవరూ ముట్టకపోతే ఆ చిక్కు రాదు. ఇక బ్లేడు కత్తి తేలిక, కరుకు. కాస్త చేయి తడబడినా గాటు పడుతుంది. పొద్దస్తమానం గీసే చేతికి అది చాలు, కొత్త చేతికి కష్టం. పైగా పదును ఎప్పుడు చెడిందో, ఎందుకు చెడిందో అది నేర్పదు. డబ్బు ఆదా అనే మాటను మాత్రం నేను నమ్మను. కత్తి, పట్టీ, రాళ్లు కలిపితే అయ్యే ఖర్చుకు ఏళ్ల తరబడి సరిపడా బ్లేడ్లు వస్తాయి. పొద్దున్నే ఆఫీసు బస్సు అందుకోవాల్సినవాడిని రెండు నిమిషాల రేజర్ మానేయమనే వాదన నా దగ్గర లేదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, చేయి వణికేవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

వీటన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. ఈ విద్యను తరతరాలుగా పొదిలో మోసిన నాయీబ్రాహ్మణులను ఊళ్లు చిన్నచూపు చూశాయి. వాళ్ల చేతిలో చాకిరీ అనిపించుకున్న పని చదువుకున్నవాడి బాత్‌రూమ్‌లోకి రాగానే కళ అయిపోతుందా? గాంధీకి ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు జుట్టు కత్తిరించనంటే, తానే మిషన్ కొని అద్దం ముందు కత్తిరించుకున్నాడు. కానీ ఆ క్షురకుణ్ణి తప్పుపట్టలేదు. మన క్షురకులను అంటరానివారికి పని చేయనిచ్చామా అని ఆత్మకథలో తననూ మననూ కలిపే నిలదీశాడు. ఆ నిలదీత మడత కత్తి సరదాకూ వర్తిస్తుంది. రాయి ముందు కూర్చుని వాదర తెచ్చుకోలేక తంటాలుపడినవాడికి, ఈ పనిని తక్కువచేసి మాట్లాడే నోరు అంత తేలిగ్గా లేవదు. నూరడం తెలిసిన పెద్ద చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాళ్లను గురువుగారూ అని పిలిచి, సంగీతం మాస్టారికి ఇచ్చినట్టే ఫీజు ఇచ్చి నేర్చుకోవాలి. కత్తి కొనేముందే వెళ్తే ఇంకా మంచిది. ఏ కత్తి నూరడానికి లొంగుతుందో, ఏది చూడ్డానికే బాగుంటుందో వాళ్లు చేత్తో పట్టుకుని చెప్పగలరు.