పంటిపాచి, చిగుళ్ళవాపు: ఒక ప్రయోగ విమర్శ

పండ్లు తోముకొనునపుడు చిగుళ్ళనుండి నెత్తురు కనిపించినచో, చాలమంది ఆ చోటును తాకుటయే మానివేయుదురు. అది మేలా, కీడా? ఇందుకు సమాధానము డెన్మార్కులోని ఆర్హూస్ నగరమున జరిపి, 1965లో ప్రకటించిన ఒక ప్రయోగమునందు లభించును.

హారాల్డ్ లోయె, ఆయన సహచరులు చిగుళ్ళు ఆరోగ్యముగానున్న 12 మందిచేత పండ్లు తోముట మాన్పించిరి. పండ్లపై పాచి పెరిగినది. దానికి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూడగా, తొలుత గుండ్రని సూక్ష్మజీవులు, పిమ్మట పోగులవంటివి, వారము గడచుసరికి మెలికలు తిరిగినవి కనిపించినవి. 10 నుండి 21 దినములలో అందరి చిగుళ్ళును వాచినవి. మరల తోముట ఆరంభింపగా పాచి పోయినది; చిగుళ్ళు యథాస్థితికి వచ్చినవి.

ఈ ప్రయోగమునకు నిరాడంబరతయే బలము. ప్రతి మనిషియు తనకు తానే పోలిక. కారణమును కలిగించిన రోగము వచ్చినది, తొలగించిన పోయినది. సూక్ష్మజీవుల మార్పు ముందు, వాపు వెనుక కలిగినవి. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అరుదు.

అయితే దీనికి హద్దులును కలవు. పరీక్షితులు కొద్దిమంది, గడువు కొన్ని వారములే. సూక్ష్మజీవుల ఆకారములు తెలిసినవిగాని, జాతులన్నియు తెలియలేదు. నోటియందు సుమారు 700 జాతులున్నట్లు తరువాతి పరిశోధనలు చూపినవి. పైగా, వాచిన చిగురునుండి ఊరు ద్రవము కొన్ని హానికర జాతులకు ఆహారమగును. అనగా సూక్ష్మజీవులు వాపును కలిగించుటయేగాక, వాపు సూక్ష్మజీవులను పెంచును.

చిగుళ్ళువాచిన ప్రతివారికిని పండ్లు ఊడునా? ఈ ప్రశ్నకు ఆ ప్రయోగము జవాబీయలేదు. జవాబును లోయెయే మరియొకచోట వెదకెను. శ్రీలంక తేయాకు తోటలలో, పండ్లు శుభ్రపరచుకొను అలవాటులేని 480 మంది కార్మికులను ఆయన బృందము 1970 నుండి 1985 వరకు పరిశీలించినది. అందరికిని పాచి, చిగుళ్ళవాపు ఉండెను. కాని నూటికి 8 మందికి వ్యాధి వేగముగా ముదిరినది. 81 మందికి ఒక మోస్తరు వేగముతో సాగినది. 11 మందికి వాపును దాటి ముందుకు పోలేదు.

ఒక చేయి తట్టిన చప్పుడగునా? సూక్ష్మజీవులు ఒక చేయి, దేహతత్త్వము రెండవది. పొగత్రాగుట, అదుపులేని మధుమేహము ఆ రెండవ చేతికి ఊతమిచ్చును. కనుక పాచియే సర్వస్వమనుట అతిశయోక్తి.

అయినను 1965 నాటి ఫలితము చెక్కుచెదరలేదు. పాచివలన వాచి నెత్తురు కారు చిగురునకు తోముట మానుట మందుకాదు, రోగమునకు మేత. మెత్తని కుంచెతో ఆ చోటనే నెమ్మదిగా తోమవలెను. నెత్తురు ఆగనిచో వైద్యుని చూడవలెను.